వంతెన మీద మడులు

నీళ్లక్క పోయిన జన్మలో కప్ప అని, ఆ రుణం తీరకే ఈ జన్మలో వంతెనకు అడ్డం పడిందని ఊళ్లో ఒక మాట నడుస్తోంది. మాటకు కాళ్లు వచ్చాక అది ఎక్కడా ఆగలేదు. ఒక వీధిలో ఆమె కప్పలను పేరుపేరునా పిలుస్తుందన్నారు. పక్క వీధికి వచ్చేసరికి అవి ‘ఊఁ’ కొడతాయన్నారు. మంగలి షాపులో అయితే, ఆమె ఈల వేస్తే కప్పలన్నీ బారు తీరి నిలబడతాయని, పొట్టివి ముందు, పొడుగువి వెనక అని, కళ్లారా చూసినట్టే చెప్పారు. అన్నిటికంటే గట్టిగా నిలబడ్డ మాట మాత్రం ఒకటే. కప్పపిల్లలను సాగనంపిన రోజున ఆమె బకెట్టు బకెట్టుకూ కన్నీళ్లు పెట్టుకుందట. కన్నతల్లి కూడా అంతలా ఏడవదట.

ఈ మాటలన్నిటికీ పుట్టిల్లు ఆమె ఆడపడుచు కుట్టుమిషను. ఆ పిల్ల దగ్గర కొలతలు ఇచ్చేటప్పుడు మనిషి కదలకూడదు. కదలకుండా నిలబడ్డ మనిషి చెవిలో ఏం పోసినా ఒలకదు.

నీళ్లక్క పని నీళ్లు పోయడం. కాంక్రీటు పోసి చేతులు దులుపుకుంటే సరిపోదు. అది గట్టిపడేదాకా పసిపిల్లకు పాలు పట్టినట్టు దానికి నీళ్లు పట్టాలి. ఎండిందంటే బీటలు తీస్తుంది. స్తంభాలకైతే గోనెపట్టాలు చుట్టి తడుపుతారు. చదునుగా ఉండే శ్లాబుకైతే ఇసుకా సిమెంటూ కలిపి జానెడు గట్లు వేసి, మడులు కట్టి, వాటిలో నీళ్లు నిలబెడతారు. దూరం నుంచి చూస్తే ఎవరో మేడ మీద నారు పోయబోతున్నట్టు ఉంటుంది.

ఆమె మొదట్లో ఇటుకలు మోసేది. ఒకసారి నెత్తి మీది ఇటుక ఒకటి జారి మేస్త్రి కాలి బొటనవేలి మీద పడింది. మేస్త్రి ఒంటికాలి మీద సైటంతా గెంతి, గెంతడం అయిపోయాక, “అమ్మా, నీకు దణ్ణం పెడతాను, రేపట్నుంచి నీళ్లు పొయ్యి. నీళ్లయితే మీద పడ్డా చావం” అన్నాడు. అలా కుదిరింది ఆ పని. కుదిరాక చెయ్యి తిరిగింది. పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, కింద నిలబడి రెండో అంతస్తు మూల తడిపేది. పోతూ పోతూ ఆ దారిన వెళ్లే పెద్దమనుషులను కూడా తడిపేది, కానీ అది పనిలో భాగమే అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

చిక్కల్లా ఒక్కటే. నీళ్లక్కకు కప్పంటే చచ్చేంత భయం.

చిన్నప్పుడు బడికి పోయే తొందరలో బూటులో కాలు పెట్టింది. బూటులో అప్పటికే ఒకరున్నారు. ఆ ఉన్నవాళ్లు చల్లగా, మెత్తగా ఉన్నారు, పైగా కదిలారు. ఆనాటి నుంచి ఈనాటిదాకా ఆమె చెప్పులే తప్ప బూట్లు తొడగలేదు. నీళ్లున్న చోట కప్ప ఉంటుంది. కప్పంటే హడలిపోయే మనిషి నీళ్ల పనికి ఎలా కుదిరిందయ్యా అంటే, కడుపు కుదిర్చింది. పొద్దున్నే సైటులో అడుగు పెట్టే ముందు ఖాళీ బకెట్టును కర్రతో ధనధనా వాయించేది. ఆ చప్పుడుకు ఉన్న కప్పలు లేచిపోయేవి. ఆమెను చూసి మిగతా సైట్లలో నీళ్లు పోసేవాళ్లూ మొదలుపెట్టారు. అడిగితే, బకెట్టు వాయిస్తే సిమెంటుకు బలమట. ఒకడైతే వాయించడానికి విడిగా డబ్బా కొనుక్కున్నాడు.

ఆ భయం సంగతి తెలిసింది ఆమె మొగుడొక్కడికే. అతను వాగు అవతలి ఆసుపత్రిలో లిఫ్టు నడుపుతాడు. రోజంతా ‘పైకా, కిందకా’, ‘వచ్చేశాం, దిగండి’ అని అని, ఇంట్లో కూడా అవే అంటాడు. వానలొస్తే వాగు దాటే దారి ఉండేది కాదు. రోగులైనా లిఫ్టు మనిషైనా ఊరంతా చుట్టి పోవలసిందే. అందుకే వాగు మీద వంతెన మొదలుపెట్టినప్పుడు ఊరంతా సంతోషించింది. అతను రెండు జతల చెప్పులు ఆదా అవుతాయని ఇంకొంచెం ఎక్కువ సంతోషించాడు.

వంతెన ఎక్కడానికి ర్యాంపు కావాలి. ర్యాంపుకు మట్టి కావాలి. వాగు ఒడ్డున ఒక పల్లం ఉండేది. తుంగ మొలిచి, ఎప్పుడూ చెమ్మగా, వానాకాలమంతా మోకాలి లోతు నీళ్లతో ఉండేది. ఆ పక్కనే పెద్ద గుంట తవ్వి, ఆ మట్టితో పల్లం పూడ్చి, దాని మీద ర్యాంపు వేశారు. ఆ పల్లంలో తాతముత్తాతల నుంచి కాపురముంటున్న కప్పలను ఎవరూ అడగలేదు. అడిగినా బెకబెక తప్ప ఏమంటాయి!

వంతెన శ్లాబు పోశారు. మడులు కట్టారు. పెద్ద ఇంజనీరు వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని, నీళ్లక్కను పిలిచాడు.

“ఏమ్మా, నేను చెప్పేదాకా ఒక్క మడి కూడా ఎండకూడదు. మడి ఎండిందో, నీ పని ఎండుతుంది. అర్థమైందా?”

“అర్థమైంది సార్.”

అంత గట్టిగా చెప్పి కారెక్కబోతూ వంగాడు. అంతే, నడుం పట్టేసింది. కారులో అడ్డంగా పడుకోబెట్టి ఇంటికి పంపించారు. ఇక మంచం దిగడానికి చాలా కాలం పట్టింది.

మొదట్లో మడుల్లో నీళ్లు సున్నం నీళ్లలా తెల్లగా ఉండేవి. వాటిలో దోమ కూడా వాలేది కాదు. నీళ్లక్క హాయిగా పోసుకుంటూ పోయింది. తర్వాత ఒక పెద్ద వాన పడి మడులన్నీ కడిగేసింది. ఆ తర్వాత ఇంకో వాన. నీళ్లు తేటపడ్డాయి, అడుగున పచ్చగా పాచి పట్టింది. ఎండకు కాగకుండా ఆమే గోనెపట్టాలు కప్పింది. ఇల్లు పోగొట్టుకుని ర్యాంపు మీద తిరుగుతున్న కప్పలకు ఇంతకంటే మంచి అద్దె ఇల్లు ఎక్కడ దొరుకుతుంది?

ఒక పొద్దున బకెట్టు వాయించి, గోనెపట్టా తీసి చూస్తే, నీళ్లలో జిగురు తెట్టులా ఏదో తేలుతోంది. నానిన సబ్జా గింజల్లా నల్ల చుక్కలు. ఎవరో ఏదో ఒలకబోశారనుకుంది. తిట్టుకుంది కూడా. కొన్నాళ్లకు ఆ చుక్కలకు తోకలొచ్చాయి. తోకలొచ్చిన చుక్కలన్నీ ఒక్కసారి ఆమె వైపు తిరిగాయి.

ఆమె పెట్టిన కేకకు మేస్త్రి పరుగున వచ్చాడు. “ఏమైంది? ఎవరు పడ్డారు?”

“కాలు జారింది మేస్త్రి గారూ.”

“కాలు జారితే రైలు కూతలా అరుస్తావేంటమ్మా! నా గుండె జారింది.” అప్పుడు మడిలోకి చూశాడు. “ఓహో, తోకకప్పలు! ఈ కాంక్రీటు ఎప్పుడో రాయి అయిపోయింది. గట్లు పగలగొట్టి నీళ్లు వదిలెయ్, చీపురుతో ఊడ్చెయ్.”

నీళ్లక్క కళ్ల ముందు ఆ దృశ్యం కదిలింది. గట్టు పగులుతుంది. వేలకు వేలు తోకలు గిలగిలా కొట్టుకుంటూ ర్యాంపు మీదుగా, ఆమె వేళ్ల సందుల్లోంచి, చెప్పుల్లోంచి జారిపోతుంటాయి. వాటిని ఆమె చీపురుతో ఊడ్వాలి. అప్పుడు నాలుకే ఆదుకుంది.

“పెద్ద సారు తను చెప్పేదాకా ఒక్క మడి కూడా ఎండకూడదన్నారు మేస్త్రి గారూ. మీరు వదలమంటే వదిలేస్తాను. రేపు సారు అడిగితే మీ పేరు చెబుతాను.”

మేస్త్రి తల గోక్కున్నాడు. నడుం పట్టేసిన ఇంజనీరు ఎంత కోపంగా ఉంటాడో అతనికి తెలుసు. “వద్దులే, నా పేరెందుకు? ఉండనీ” అన్నాడు.

సాయంత్రం మొగుడితో చెప్పింది. అతను నవ్వి నవ్వి మంచినీళ్లు తాగాల్సి వచ్చింది.

“నాకు భయం, నా వల్ల కాదు అని చెప్పెయ్యరాదూ? ఎవరో ఒకరు ఊడుస్తారు.”

“చెబితే? కప్పలకు భయపడేదాన్ని నీళ్ల పనికి ఎవరు పెట్టుకుంటారయ్యా? ఈ సైటే కాదు, ఏ సైటులోనూ రానివ్వరు. మళ్లీ ఇటుకలు మోయమంటావా? ఆ మేస్త్రికి ఇంకో బొటనవేలు ఉంది.”

“మరి ఏం చేస్తావు?”

“కాళ్లు వచ్చేదాకా చూస్తాను. వస్తే వాటంతటవే పోతాయి. అప్పటిదాకా దూరం నుంచి నీళ్లు పోస్తాను.”

“అంటే అప్పటిదాకా నేను ఊరంతా చుట్టి నడవాలి.” అతను అరికాలు చూసుకున్నాడు. “ఇదేం న్యాయమే! కాళ్లు వాటికొస్తాయి, నావి పోతాయి.”

అలా కాంక్రీటుకు అక్కర్లేని నీళ్లు రోజూ పడుతూనే ఉన్నాయి. నీళ్లక్క మడికి వీలైనంత దూరంలో నిలబడి, మొహం పక్కకు తిప్పుకుని, పైపుతో వాన కురిపించేది. తిప్పుకున్న మొహాన్ని చూసి ఆడపడుచు కుట్టుమిషను దగ్గర మొదలుపెట్టింది. “మా వదిన వాటికి దిష్టి తగులుతుందని నేరుగా కూడా చూడదమ్మా!” ఆ మాట కొలతలిచ్చినవాళ్లందరితో పాటు ఇళ్లకు వెళ్లింది. తర్వాత జనం వచ్చారు. పిల్లలను చంకనేసుకుని, వంతెన మీద తోకకప్పలను చూపించి, అన్నం తినిపించుకుని పోయేవాళ్లు. ఇంతమంది చూస్తుంటే గట్లు పగలగొట్టడానికి మేస్త్రికి చేతులు రాలేదు.

ఆ సంగతి వాగులూ గుంటలూ చూసుకునే ఆఫీసు దాకా పోయి, అక్కణ్నుంచి ఒక ఆఫీసరు దిగాడు. సన్నగా, పొడుగ్గా, మెడలో దుర్భిణి వేసుకుని వచ్చాడు. ఆయన ఆఫీసు పేరు పలకలేక జనం ఆయన్ను కప్పల ఆఫీసరు అన్నారు. ఆయన వస్తున్నాడని తెలిసి పెద్ద ఇంజనీరు నడుంకి వెడల్పాటి పట్టీ బిగించుకుని, మంచం దిగి వచ్చాడు. శ్లాబు మీదికి ఎక్కి, మడుల వంక చూసి, మేస్త్రి మీద విరుచుకుపడ్డాడు.

“ఇంకా నీళ్లేంటయ్యా?”

“మీరే సార్, చెప్పేదాకా...”

ఇంజనీరుకు తను చెప్పిన మాట గుర్తే లేదు. గుర్తు లేదని నలుగురిలో ఒప్పుకోవడం ఆయనకు చేతకాదు. “అవును. చెప్పాను. ఎంత నీళ్లు పడితే అంత బలం. అందుకే చెప్పాను” అన్నాడు. తర్వాత కప్పల ఆఫీసరు వైపు తిరిగాడు. “ఇక అయిపోయింది సార్. ఈ తోకలను వాగులో పారేసి, ఆ మట్టి గుంటను చెత్తతో పూడ్చేసి, వంతెన తెరిచేస్తాం.”

“పారే వాగులో వేస్తే చేపలకు విందు. పల్లం మీరు పూడ్చేశారు, అందుకే ఇవి వంతెనెక్కాయి. గుంట పూడ్చకండి, అందులో వదలండి. ర్యాంపు కింద ఒక తూము పెట్టండి, అటూ ఇటూ తిరుగుతాయి.”

“కప్పలకు తూము పెట్టాలా? రేపు తాబేళ్లకు లిఫ్టు పెట్టమంటారా?”

“ఆసుపత్రికి జనం పోవాలి, నేను కాదన్నానా? కప్పలు కూడా ఎక్కడికో ఒకచోటికి పోవాలిగా!”

“గుంట పూడ్చకపోతే చెత్త నా నెత్తిన పోసుకోనా సార్?” అన్నాడు మేస్త్రి మధ్యలో. చూడటానికొచ్చిన జనం తలో మాటా వేశారు. ఒకరిని కూర్చోబెడితే ఇంకొకరు లేస్తున్నారు. అచ్చం కప్పల తక్కెడే. ఆ ఊపులో కప్పల ఆఫీసరు ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక పాచి ఉంది. దబ్బున మడిలో కూర్చున్నాడు. దుర్భిణి ఆయన మెడ చుట్టూ ఒక చుట్టు తిరిగి వీపు మీద ఆగింది. ఎంత పోట్లాడుకున్నా మర్యాద మర్యాదే కదా, పెద్ద ఇంజనీరు చెయ్యి ఇచ్చి లేపబోయాడు. వంగాడు. పట్టీ ఉన్నా సరే, నడుం మళ్లీ పట్టేసింది.

ఒకాయన నీళ్లలో కూర్చుని లేవలేడు, ఒకాయన వంగి నిలబడలేడు. ఇద్దరి ముక్కులూ జానెడు దూరంలో ఉన్నాయి. అంత దగ్గరగా ఉన్నప్పుడు ఎవరూ అరవలేరు.

“గుంట పూడ్చను” అన్నాడు ఇంజనీరు నొప్పితో, మెల్లగా.

“వంతెన ఆపను” అన్నాడు ఆఫీసరు, చొక్కాలోంచి ఒక తోకను తీసి జాగ్రత్తగా నీళ్లలో వదులుతూ. “తూము?”

“ఒక్కటే. రెండోది అడగొద్దు.”

“ఒక్కటి చాలు. ఇప్పుడు నన్ను లేపండి.”

“ముందు నన్ను ఎవరైనా నిలబెట్టండి.”

ఇద్దర్నీ విడదీసి నిలబెట్టారు. చెత్త ఎక్కడ పొయ్యాలో తర్వాత చూద్దామన్నారు. మేస్త్రి ఏదో గొణిగాడు, ఎవరూ వినలేదు.

“మరి వీటిని గుంటలోకి ఎవరు మోస్తారు?” అని ఆఫీసరు అడిగాడు. అందరి కళ్లూ ఒకేసారి నీళ్లక్క మీదికి తిరిగాయి, మొదట ఆ తోకలు తిరిగినట్టే.

“ఇంకెవరు సార్? మా వదిన!” అంది ఆడపడుచు గర్వంగా. “ఇన్నాళ్లూ కళ్లల్లో వత్తులేసుకుని కాపాడింది. వేరేవాళ్లు తాకితే ఊరుకుంటుందా?”

“నీ మనసు గొప్పదమ్మా” అన్నాడు ఆఫీసరు. “నెమ్మదిగా, దగ్గరుండి, నీ చేత్తో వదులు.”

నీళ్లక్క నోరు తెరిచింది. భయం అంటే పని పోతుంది. భయం లేదంటే ప్రాణం పోతుంది. “అలాగే సార్” అని ఎవరో అన్నారు. చూస్తే, ఆమె గొంతే.

ఆ సాయంత్రం మొగుడు ఆసుపత్రి నుంచి మోచేతుల దాకా వచ్చే రబ్బరు తొడుగులు అడిగి తెచ్చాడు. “ఇప్పుడు చెప్పు. పైకా, కిందకా?”

“నోరు ముయ్యవయ్యా.”

“నేను రానా? మోసి పెడతాను.”

“వద్దు. నువ్వొస్తే మొహం చూసి నవ్వుతావు. నువ్వు నవ్వితే అందరికీ తెలిసిపోతుంది.”

మర్నాడు పొద్దున పాత దోమతెర ముక్కను బూజుకర్ర చివర కట్టి, వల చేసింది. తొడుగులు వేసుకుంది. మొగుడి ప్యాంటు తొడుక్కుని, అంచులను తాడుతో బిగించింది. ఆడపడుచు షాపు మూసి, కొలతలివ్వడానికొచ్చినవాళ్లను కూడా వెంటేసుకుని వచ్చింది. ఆఫీసరు, మేస్త్రి గుంట పక్కన నిలబడ్డారు. నీళ్లక్క కళ్లు గట్టిగా మూసుకుని వల ముంచింది, ఎత్తింది, బకెట్టులో గుమ్మరించింది. ర్యాంపు దిగేటప్పుడు బకెట్టును చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని, ఒక్క కన్ను సన్నగా తెరిచి నడిచింది. పెదాలు మాత్రం ఆగకుండా కదులుతున్నాయి.

“మంత్రమా?” అన్నారెవరో.

“జోలపాట” అంది ఆడపడుచు.

ఆమె అంటున్నది “పొండిరా బాబూ, పొండి, మీకు పుణ్యం ఉంటుంది, నా జోలికి రాకండి” అని. భయానికి కళ్లల్లోంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. తుడుచుకుందామంటే చేతులకు ఆ తొడుగులు. అవి దేంట్లో మునిగొచ్చాయో తెలిసి మొహానికి ఎలా తగిలిస్తుంది? అలాగే కారనిచ్చింది. చూస్తున్న ఆడవాళ్లలో ఒకావిడ ముక్కు చీదింది.

ఎన్నో బకెట్లు బాగానే నడిచాయి. చివరి మడిలో ఉన్నవి పెద్దవి. కొన్నిటికి నాలుగు కాళ్లూ వచ్చేశాయి, తోక మాత్రం మొండిగా మిగిలి ఉంది. ర్యాంపు మధ్యలో ఉండగా వాటిలో ఒకటి బకెట్టులోంచి ఎగిరి, తొడుగు పైన, ఆమె మోచేతి దగ్గర వట్టి చర్మం మీద కూర్చుంది.

చల్లగా, మెత్తగా.

ఆమె ఆగిపోయింది. బకెట్టు వదిలేస్తే అన్నీ ఎండలో కాలుతున్న ర్యాంపు మీద పడతాయి. ఎదురుగా మేస్త్రి ఉన్నాడు, ఆఫీసరు ఉన్నాడు. రేపట్నుంచి మళ్లీ నెత్తి మీద ఇటుకలు. ఆ రోజు మొదటిసారి రెండు కళ్లూ పూర్తిగా తెరిచింది. అది ఆమె బొటనవేలి గోరంత ఉంది. దాని గొంతు కింద ఏదో టకటకా కొట్టుకుంటోంది. అది వణుకుతోందో, తన చెయ్యి వణుకుతుంటే దానితో పాటు కదులుతోందో ఆమెకు తెలియలేదు.

ఆమె నడిచింది. పెళ్లిలో కూడా అంత మెత్తగా అడుగులు వేసి ఉండదు. గుంట దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, మోచెయ్యి నీటి అంచుకు ఆనించింది. అది దిగలేదు. మర్యాదగా చెబితే వింటుందేమోనని, ఎలా చెప్పాలో తోచక, రోజూ ఇంట్లో వినే మాటే అనేసింది.

“కిందికి వచ్చేశాం. దిగండి.”

అది దిగింది. నీళ్లక్క అక్కడే చతికిలబడింది. ఇద్దరు మనుషులు పట్టుకుని లేపారు. “పాపం, వదల్లేకపోతోంది” అన్నారు జనం. మేస్త్రి ఆమె కోసం స్వయంగా టీ తెచ్చి, పక్క ఊరి నీళ్ల ట్యాంకు పని కూడా నీదే అన్నాడు.

గట్లు పగలగొట్టారు. తూము పెట్టారు. వంతెన తెరిచారు. పెద్ద ఇంజనీరు వంగకుండా రిబ్బను కత్తిరించాడు. ఎన్ని వానలకైనా చెమర్చని శ్లాబు ఇదేనని ఆయన ఇప్పటికీ చెప్పుకుంటాడు, కారణం చెప్పడు. నీళ్లక్క మొగుడు ఇప్పుడు టీ చల్లారేలోపు డ్యూటీకి చేరతాడు. తుంగ గుంట అంచున మళ్లీ మొలిచింది. వాన పడ్డ సాయంత్రాల్లో అక్కడ లేచే గోలకు పక్కవాడు చెప్పేది పక్కవాడికి వినపడదు. కాబట్టి ఊళ్లో అనుకునే మాటల్లో కొంత నిజం లేకపోలేదు. ఏడ్చిన మాట నిజమే. ఎందుకన్నది పక్కన పెడితే.

ఎవరూ అనుకోని సంగతి ఒకటుంది. ఎండలు ముదిరి గుంటలో నీళ్లు అడుగంటే రోజుల్లో, ఎవరూ చెప్పకుండా, కూలి ఎవరూ ఇవ్వకుండా, నీళ్లక్క వంతెన మీద నిలబడి పిట్టగోడ మీంచి గుంట నింపుతుంది. అందుకు సొంతంగా ఒక పైపు కొనుక్కుంది. ఎంత పొడుగు కావాలమ్మా అని షాపువాడు అడిగితే, ఉన్నదంతా ఇమ్మంది.